వీణ అనే పేరున్న మూడు వాద్యాలు: కర్ట్ సాక్స్ గురించి అడిగినవారికి

ఆరేళ్ళు వీణ నేర్చుకుని, ఇప్పుడు ఆర్ట్ హిస్టరీలో ఎం.ఏ. చేస్తున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "వాద్యాల మీద మాత్రమే పరిశోధన చేసేవాళ్ళు అసలు ఏం పని చేస్తారు? కర్ట్ సాక్స్ పేరు ఏ పుస్తకం తెరిచినా కనిపిస్తోంది, ఆయన ఎవరు? కచేరీ చేసేంత సంగీతం రాని నాలాంటివాళ్ళకు ఇందులో చోటుంటుందా?"

అమ్మా, చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. చోటుంటుంది. కర్ట్ సాక్స్ డాక్టరేట్ తీసుకున్నది సంగీతంలో కాదు. 1904లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో, ఇటలీ శిల్పి వెరోక్కియో శిల్పాల మీద. అంటే మీరు చదువుతున్న చదువే. చిన్నప్పుడు పియానో, స్వరరచన నేర్చుకున్న మాట నిజమే. కానీ ఉద్యోగం మొదలుపెట్టింది కళా విమర్శకుడిగా. కొన్నేళ్ళు అలా చేశాక, ముప్పయ్యో ఏడు దగ్గరపడుతుండగా, అది వదిలేసి వాద్యాల వైపు వచ్చాడు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా వాద్యాలను కొలవడం, ఫొటోలు తీయడం, వివరాలు రిజిస్టర్లకు ఎక్కించడం చేశాను. ఆయన శిల్పం నుంచి ఇటు రావడం ఈ శాస్త్రానికి జరిగిన పెద్ద మేలని నా నమ్మకం. శిల్పం చదివేవాడు ముందు ఆకారం చూస్తాడు, కింద రాసిన పేరు తర్వాత చూస్తాడు. వాద్యాల పరిశోధనలో మొదట నేర్చుకోవాల్సింది అదే. మీకు బాగా తెలిసిన వీణతోనే చూపిస్తాను.

మీ ఇంట్లో వీణకు ఎడమవైపు దండి కింద ఒక బుర్ర ఉంటుంది కదా. దాన్ని మెల్లగా తిప్పి విప్పేయండి. ఇప్పుడు మీటండి. వీణ పలుకుతుంది, పెద్దగా తేడా కూడా తెలియదు. అదే కుడివైపు కుండను, అంటే నాదాన్ని పెంచే పెద్ద బోలు భాగాన్ని, తీసేయాలంటే? రంపంతో కోయాల్సిందే. కోశాక మిగిలేది వీణ కాదు, కట్టె. ఇప్పుడు హిందుస్తానీ వాళ్ళ రుద్రవీణను తీసుకోండి. ఒక పొడవాటి గొట్టంలాంటి దండి, దాని కింద రెండు పెద్ద సొరబుర్రలు. రెండు బుర్రలూ విప్పేసినా తీగలు దండి మీదే బిగిసి ఉంటాయి. నాదం చిక్కిపోతుంది గానీ వాద్యం వాద్యంగానే ఉంటుంది.

సాక్స్, ఆయన మిత్రుడు హోర్న్‌బోస్టెల్ కలిసి తంత్రీవాద్యాలన్నిటికీ పెట్టిన మొదటి పరీక్ష ఇదే. నాదాన్ని పెంచే భాగాన్ని తీసేస్తే వాద్యం నిలుస్తుందా, నిలవదా? నిలిస్తే వాళ్ళ వర్గీకరణ పట్టికలో 31తో మొదలయ్యే సంఖ్య, నిలవకపోతే 32తో మొదలయ్యేది. రుద్రవీణకు వాళ్ళ లెక్కలో వచ్చే సంఖ్య 311.222, అంటే ఒకటికి మించి బుర్రలున్న దండి వాద్యం. మన సరస్వతీ వీణ 321.321. మొదటి 3 తీగలది. 32 విడదీయరాని శరీరానిది. తర్వాతి అంకెలు తీగలు పైపలకకు సమాంతరంగా సాగడం, దండి మెడలా అమరి ఉండడం, కుండ గిన్నెలా ఉండడం చెబుతాయి. పేరు రెండింటికీ వీణే, శరీరాలు మాత్రం వేరు.

మూడోది ఇంకా వింతైనది. అమరావతి స్తూపం శిల్పాలను ఈసారి వాద్యాల కోసమే చూడండి. విల్లులా వంగిన కొమ్ము ఉన్న వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని వాయిస్తున్న స్త్రీలు కనిపిస్తారు. వేలు నొక్కే మెట్లు లేవు, దండి లేదు, తీగలు గాల్లో వేలాడే నిచ్చెన మెట్లలా ఉంటాయి. సముద్రగుప్తుడు బంగారు నాణెం మీద ఒళ్ళో పెట్టుకున్నదీ అలాంటిదే. పాత సంస్కృత గ్రంథాల్లోని 'వీణ' ఈ విల్లు వాద్యమేనని ఆనంద కుమారస్వామి 1930లో వీణ భాగాల పేర్లను శిల్పాలతో పోల్చి చూపించారు. ఆయనా కళాచరిత్రకారుడే. సాక్స్ పట్టికలో ఈ వంపు వాద్యం 322.11. మన దేశంలో దాదాపు కనుమరుగైపోయింది గానీ, బర్మాలో ఇప్పటికీ బతికే ఉంది.

అంటే ఒకే పేరు రెండు వేల ఏళ్ళలో మూడు వేర్వేరు వాద్యాల మీదికి మారింది. 'పురాణ కాలం నుంచి వీణ ఉంది' అని ఎవరైనా అంటే ఏ వీణ అని అడగగలగాలి. ఆ అడగడమే మన పని.

ఇక సాక్స్ జీవితం. పుట్టింది 1881 జూన్ 29న, బెర్లిన్‌లో, ఒక యూదు కుటుంబంలో. 1913లో వాద్యాల నిఘంటువు వేశాడు, ఎన్నెన్నో భాషల్లోని వాద్యాల పేర్లతో. మరుసటి ఏడు, 1914లో, హోర్న్‌బోస్టెల్‌తో కలిసి ఈ వర్గీకరణను ఒక జర్మన్ మానవశాస్త్ర పత్రికలో ప్రచురించాడు. హోర్న్‌బోస్టెల్ కథ కూడా గమ్మత్తైనదే. వియన్నాలో పుట్టి రసాయనశాస్త్రం చదివినవాడు, బెర్లిన్‌లో ప్రపంచ సంగీతాల రికార్డుల నిధికి అధిపతి అయ్యాడు. ఒకరు కన్నుతో, ఇంకొకరు చెవితో ఆలోచించేవాళ్ళు. ఆ జంట కుదరకపోతే ఈ పట్టిక వచ్చేది కాదనిపిస్తుంది నాకు.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటి ఉంది. భరతుడి నాట్యశాస్త్రం 28వ అధ్యాయంలో వాద్యాలు నాలుగు రకాలు: తతం, సుషిరం, అవనద్ధం, ఘనం. తీగలవి, గాలివి, తోలు మూసినవి, గట్టి పదార్థంతో చేసినవి. యూరప్‌లో అప్పటిదాకా అలవాటైన విభజన తీగలు, ఊదేవి, కొట్టేవి అని మూడే. 'కొట్టేవి' అన్న గంపలో మృదంగాన్నీ తాళాలనూ కలిపి పడేసేవాళ్ళు. పియానోనేమో తీగల్లో వేయాలా, కొట్టేవాటిలో వేయాలా అని తగువు. 1876లో కలకత్తాకు చెందిన రాజా సౌరీంద్రమోహన్ ఠాగూర్ బెల్జియం రాజుకు దాదాపు వంద భారతీయ వాద్యాలు కానుకగా పంపాడు. అవి చేరిన బ్రసెల్స్ సంగ్రహాలయానికి అధికారి విక్టర్ మాయోఁ. ఆయన తన సేకరణకు వేసిన కేటలాగులో నాలుగు వర్గాలు వచ్చాయి. అవి మన నాలుగింటి దారిలోనే ఉన్నాయి. సాక్స్, హోర్న్‌బోస్టెల్ ఆ నాలుగింటినే తీసుకుని, లైబ్రరీ పుస్తకాలకు వాడే డ్యూయీ దశాంశ పద్ధతి అంకెలు తొడిగి, ప్రపంచంలో ఏ మూల వాద్యానికైనా ఒక సంఖ్య ఇచ్చేలా పెంచారు. 1915లో సాక్స్ భారత, ఇండోనేషియా వాద్యాల మీదే ఒక పుస్తకం రాశాడు. 1917లో బర్మా, అస్సాం వాద్యాల మీద మరొకటి.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక, 1919లో బెర్లిన్ సంగీత కళాశాలలోని ప్రభుత్వ వాద్య సేకరణ ఆయన చేతికొచ్చింది. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1922లో వేసిన దాని కేటలాగు. పేరు తెచ్చింది వర్గీకరణే, ఒప్పుకుంటాను. కానీ ఈ కేటలాగు ఎందుకు గొప్పదో నాకు ఒక దెబ్బ తగిలాకే తెలిసింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న సంగ్రహాలయంలో పాత రిజిస్టరును సరిచూసే పని అప్పగించారు. ఒక పేజీలో 'తంబుర – 1, పాతది' అని ఉంది. గదిలోకి వెళ్ళి చూస్తే ఆ మూల చెదలు తినగా మిగిలిన పొడి, తీగలు బిగించే బిరడాలు రెండు, ఒక దంతపు పువ్వు. ఎంత పొడవు, ఏ చెక్క, ఎన్ని తీగలు, ఎవరిది, ఏ ఊరిది? రిజిస్టరులో ఉన్నవి ఆ రెండు మాటలే. ఒక కుటుంబం తరాల తరబడి శ్రుతి వేసుకున్న వాద్యం గురించి లోకానికి మిగిలింది 'పాతది' అన్న మాట. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

బెర్లిన్ సేకరణలో ఒకప్పుడు నాలుగు వేలకు పైగా వాద్యాలుండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో వాటిలో చాలాభాగం నాశనమైపోయాయి, కనబడకుండా పోయాయి. పోయినవి ఎలా ఉండేవో ఈరోజు కాస్తయినా చెప్పగలుగుతున్నామంటే, ఆ 1922 కేటలాగులో ఒక్కోదాన్ని వర్ణించి పెట్టినందువల్లే. రాసినవాడిని దేశం నుంచి తరిమేశారు, వాద్యాలు కాలిపోయాయి, పేజీలు మాత్రం ఉన్నాయి.

తరిమేశారు అన్నాను కదా. 1933లో నాజీలు రాగానే యూదుడన్న ఒక్క కారణంతో సాక్స్‌ను అన్ని పదవుల నుంచీ తొలగించారు. తల్లి యూదు కుటుంబానికి చెందినదైనందుకు హోర్న్‌బోస్టెల్ ఉద్యోగమూ పోయింది. ఆయన న్యూయార్క్ వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ చేరి, 1935లో కన్నుమూశాడు. సాక్స్ పారిస్ చేరాడు. అక్కడి మానవజాతి సంగ్రహాలయంలో పనిచేస్తూ, పాత సంగీతాన్ని రికార్డుల మీదికెక్కించే ఒక పెద్ద వరుసకు సంపాదకుడయ్యాడు. వాద్యం అద్దాల బీరువాలో బొమ్మగా మిగిలిపోకూడదు, వినబడాలి అన్నది ఆయన పట్టుదల. బెర్లిన్‌లో ఉండగానే 1930లో రెండు వేల ఏళ్ళ సంగీతాన్ని పన్నెండు గ్రామఫోన్ రికార్డుల్లో వినిపించే ప్రయత్నం చేశాడు.

1937లో అమెరికా వెళ్ళాడు. అప్పటికి వయసు యాభై ఆరు. ఆ వయసులో కొత్త దేశం, కొత్త భాష. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ మూడేళ్ళలో, 1940లో, వాద్యాల చరిత్ర మీద ఇంగ్లీషులో పెద్ద పుస్తకం రాశాడు. నా చేతిలో ఎక్కువసార్లు తెరుచుకున్న పుస్తకం అదే, అట్ట ఊడిపోతే రెండుసార్లు బైండింగ్ చేయించాను. విద్యుత్తుతో పలికే వాద్యాలకు ఐదో వర్గాన్ని చేర్చింది కూడా అందులోనే. 1959 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లో చనిపోయాడు. వాద్యాల అధ్యయనంలో జీవితకాలం కృషి చేసినవాళ్ళకు అమెరికన్ వాద్య సంఘం ఇచ్చే పురస్కారం ఈనాటికీ ఆయన పేరు మీదే ఉంది.

ఆయన చెప్పిందంతా వేదవాక్కు అని మాత్రం అనుకోవద్దు. 1929లో ఆయన రాసిన ఒక పుస్తకంలో, ఒక వాద్యం ప్రపంచంలో ఎంత దూరందాకా చెదిరి ఉంటే అది అంత పాతది అనే లెక్కతో వాద్యాలన్నిటినీ పొరలుపొరలుగా పేర్చాడు. చదవడానికి అద్భుతంగా ఉంటుంది. కానీ తర్వాతి పండితులు ఆ లెక్కను నమ్మలేదు, నేనూ నమ్మను. ఒక వాద్యం దూరం వెళ్ళడానికి ఒక్క ఓడ, ఒక్క పెళ్ళి, ఒక్క యుద్ధం చాలు. ఆయన కూడా 1940 పుస్తకానికొచ్చేసరికి చాలా జాగ్రత్తగా మాట్లాడాడు.

వర్గీకరణలో కూడా తడబాట్లున్నాయి. వాటిని నేను కళ్ళారా చూశాను.

తెలంగాణలో బైండ్లవాళ్ళు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయించే జమిడిక మీరు చూసే ఉంటారు. ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవాళ్ళ జముకూ ఆ కోవదే. కొలతలు తీసుకుందామని ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాను. చిన్న బిందెంత డొల్ల, ఒకవైపు తోలు, ఇంకోవైపు ఖాళీ. తోలు మధ్యలోంచి ఒక నరం డొల్ల లోపలగా బయటికొచ్చి, చిన్న కొయ్యముక్కకు కట్టి ఉంది. ఆయన డొల్లను చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో కొయ్యను బిగించి పట్టుకుని, కుడిచేత్తో నరాన్ని మీటారు. ఎడమచెయ్యి బిగిస్తే గొంతు పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. ఎల్లమ్మ ఏడుస్తున్న చోట ఆ జమిడిక నిజంగా ఏడ్చింది.

1914 పట్టికలో ఇలాంటివి 22లో ఉన్నాయి, అంటే 'మీటే చర్మవాద్యాలు'. బెంగాల్ గోపీయంత్రం, ఆనందలహరి కూడా అందులోనే. నేను ఆయన ముందు కూర్చుని నోట్‌బుక్‌లో 22 అని రాశాను. రాసి, ఆయన ఎడమచెయ్యి చూస్తూ ఆగిపోయాను. "అయ్యా, ఇందులో పలికేది తోలా, నరమా?" అని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "నరం తెగితే తోలేం మాట్లాడుద్ది సారూ?" అన్నారు.

నాదం పుట్టేది తీగలో. స్థాయి మారేది తీగ బిగువు వల్ల. తోలు చేసేది దాన్ని పెంచి బయటికి పంపడమే, అంటే వీణకు కుండ చేసే పని. అలాంటప్పుడు ఇది తంత్రీవాద్యం కావాలి. కేంబ్రిడ్జ్ పండితుడు లారెన్స్ పికెన్ 1981లో గోపీయంత్రం గురించి సరిగ్గా ఈ వాదమే చేశాడని తర్వాత చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ పండితుడు వాదించి చెప్పిన మాట, కథ చెప్పుకుని బతికే మనిషి ఒక్క వాక్యంలో చెప్పారు. ఆ పేజీలో 22 కొట్టేయలేదు నేను. పక్కనే ఆయన మాట యథాతథంగా రాసి, తేదీ వేసి పెట్టాను. అలాంటి పేజీలు నింపడమే ఈ వృత్తిలో నాకు దొరికిన ఆనందం.

ఇంకో సంగతి. వాద్యాల పరిశోధకుడికి అభిప్రాయం చెప్పాల్సిన సమయాలు కూడా వస్తాయి. 1932లో కైరోలో అరబ్బు సంగీత మహాసభ జరిగింది. హోర్న్‌బోస్టెల్, యూరప్ స్వరకర్తలు బార్టోక్, హిండెమిత్ లాంటివాళ్ళు వెళ్ళారు. వాద్యాల కమిటీకి సాక్స్ అధ్యక్షుడు. అరబ్బు సంగీతంలోకి పియానోను రానివ్వాలా వద్దా అన్నదే అక్కడ పెద్ద తగువు. ఈజిప్టువాళ్ళలో కొందరు కావాలన్నారు, వచ్చిన యూరోపియన్లలో ఎక్కువమంది వద్దన్నారు. మన దగ్గర హార్మోనియం గొడవ ఇలాంటిదే, ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. సంగీతం ఎవరిదో వాళ్ళ మాటే చెల్లాలని నా అభిప్రాయం. పరిశోధకుడు ఆ వాద్యం వల్ల ఏ స్వరాలు పోతాయో, ఏవి వస్తాయో కొలిచి చూపించాలి. నిషేధించే పని అతనిది కాదు.

మరి మన దగ్గర ఈ పని చేసినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఆచార్య పి. సాంబమూర్తి మ్యూనిక్ వెళ్ళి చదివొచ్చినవారు, మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలోని వాద్యాలకు ఆయన కేటలాగు తయారుచేశారు. చెన్నై వెళితే ఆ గది తప్పకుండా చూడండి. విశాఖపట్నంలో పెరిగిన సి.వి. రామన్ 1920లో మృదంగం, తబలాల మీద వేసే కరణి అనే నల్ల పూత, ఆ తోలు నాదాన్ని ఎలా మారుస్తుందో పరిశోధించి రాశారు. 1927లో జర్మన్లు వేసిన భౌతికశాస్త్ర మహాగ్రంథంలో వాద్యాల అధ్యాయం రాయమని పిలిచింది కూడా ఆయన్నే. సాక్స్ బెర్లిన్‌లో పాఠాలు చెబుతున్న రోజులే అవి. మన కాలంలో జయధీర్ తిరుమలరావు గారు జానపద, గిరిజన వాద్యాలను దశాబ్దాలుగా ఊరూరూ తిరిగి సేకరించారు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు చాలామందికి ఆ వాద్యం పేరు మొదటిసారి తెలిసింది. ఒక్కో మెట్టుకూ మధ్య దూరం ఎంతో, ఏ బుర్ర వాడతారో, మైనం దేనితో కలుపుతారో రాసిపెట్టేవాళ్ళు మాత్రం ఇంకా కావాలి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. 'వాద్య శాస్త్రవేత్త కావలెను' అని ప్రకటన మీకు ఎక్కడా కనబడదు. మ్యూజియం క్యూరేటర్‌గానో, సంగీత శాఖ అధ్యాపకురాలిగానో, ఆర్కైవ్ ఉద్యోగిగానో చేరి, ఆ పనిలోంచే దారి వేసుకోవాలి. మొదటి కొన్నేళ్ళు టెన్షన్ ఉంటుంది, ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులు ఉండవు. జర్మన్ గానీ ఫ్రెంచ్ గానీ చదివి అర్థం చేసుకునేంత నేర్చుకోండి, పాత కేటలాగులు చాలావరకు ఆ భాషల్లోనే ఉన్నాయి. చెక్కలు గుర్తుపట్టడం మాత్రం పుస్తకాల్లో రాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు నుంచి వీణ చెక్కే ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని, చెక్క పొట్టు వాసన చూస్తూ నేర్చుకోవాలి. వాళ్ళ మాటలు వాళ్ళు అన్నట్టే రాసుకోండి. బిరడా, గుర్రం (తీగలు ఆనుకునే పీట), యాళి ముఖం (దండి చివర చెక్కే తల), ఏకాండి (ఒకే మొద్దుతో చేసిన వీణ). ఇంగ్లీషు మాట తర్వాత వెతుక్కోవచ్చు.

ఇంతకీ మొదలుపెట్టేది మీ వీణతోనే. ఈ వారమే ఒక టేపు, ఒక తెల్లకాగితం తీసుకోండి. మొత్తం పొడవు, కుండ వెడల్పు, లోతు, గుర్రం నుంచి పైమెట్టు దాకా తీగ పొడవు, ఇరవై నాలుగు మెట్లలో ఒక్కోదానికి దూరం. మెట్లు ఇత్తడివా కంచువా, మైనం నల్లగా ఉందా, ఎక్కడైనా పాత మరమ్మతు గుర్తులున్నాయా, అది ఎవరి చేతుల మీదుగా మీ ఇంటికొచ్చింది. వీణ అన్న మాట ఒక్కసారి కూడా వాడకుండా ఆ వాద్యాన్ని వర్ణించి రాయండి. మీ వాద్యం చూడని మనిషి ఆ కాగితం చదివి బొమ్మ వేయగలగాలి. రాసి పంపండి, కూర్చుని చదువుతాను. గుర్రం మీద పలక ఏ లోహమో రాయడం మరిచిపోకండి, కొత్తవాళ్ళంతా అదే వదిలేస్తారు.